రంగు వెలిసిన నీటిరాయి

మా ఆయనకు తెలియని సంగతి ఈ భూమ్మీద లేదు. ఇది నా మాట కాదు, ఆయన నమ్మకం. వాన ఎందుకు ఆలస్యమైందో, పక్కింటి పిల్లి ఎందుకు అలిగిందో, ఎదురు దుకాణం దర్జీకి మోకాలు ఎందుకు పోటు పెడుతోందో, అడగడమే తరువాయి, జవాబు సిద్ధం. "నాకు తెలియదు" అనే మాట ఆయన నోట మా అత్తగారు కూడా వినలేదట. పెళ్ళయిన కొత్తలో ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "వాడి చేతిని నమ్ము తల్లీ, నోటిని నమ్మకు" అంది. కన్నతల్లి ఇలా అంటుందా అని అప్పుడు నోరు వెళ్ళబెట్టాను. ఆవిడ ఎంత ముందుచూపుతో అందో తర్వాత తెలిసొచ్చింది.

ముందు ఆ చేతి సంగతి చెప్పాలి. ఆయన నగల్లో రాళ్ళు పొదుగుతాడు. మా ఇంట్లోనే వీధి వైపు పెద్ద కిటికీ ఉన్న ఇరుకు గది మా దుకాణం. కిటికీకి ఆనించి పని బల్ల, బల్ల కింద రాలిన బంగారు పొడి పడడానికి వేలాడదీసిన తోలు గుడ్డ, దాని వెనక అరిగిపోయిన స్టూలు. ఉంగరాన్ని లక్క పూసిన కర్రకు బిగించి, రాయి కూర్చునేంత చోటు తొలిచి, చుట్టూ ఉన్న బంగారు పళ్ళను ఒక్కొక్కటిగా రాయి మీదికి వంచుతాడు. ఎదురెదురు పళ్ళు వంచాలి, వరసగా వంచుకుంటూ పోతే రాయి ఒక పక్కకి ఒరుగుతుంది. ఆ పనిలో ఉన్నంతసేపూ మాట్లాడడు. అందుకే దుకాణంలో పని ఎక్కువగా ఉన్న రోజుల్లో నాకూ కొంచెం విశ్రాంతి.

అన్ని రాళ్ళూ పొదిగినా ఆయన ప్రాణం మాత్రం అక్వామరీన్ మీదే. మా వీధిలో దాన్ని నీటిరాయి అంటారు, ఆయన్నీ ఆ పేరుతోనే పిలుస్తారు. అది పచ్చరాయికి తోబుట్టువు. ఒకే జాతి, ఒకే ఒడ్డూ పొడుగూ, గుణాలే వేరు. పచ్చలో ఎక్కడో ఒకచోట చీలికో మచ్చో ఉండి తీరుతుంది, పన్ను కాస్త గట్టిగా వంచితే పుటుక్కుమంటుంది. నీటిరాయి లోపల శుభ్రంగా ఉంటుంది. వీధి దుమ్ము దాన్ని గీయలేదు. తవ్వి తీసినప్పుడు చాలా రాళ్ళలో కొంచెం పచ్చదనం కలిసి ఉంటుంది, పొయ్యిలో తగినంత వేడి తగిలిస్తే ఆ పచ్చ పోయి నీలం మిగులుతుంది. అలా వచ్చిన నీలం మళ్ళీ పోదు. ఇవన్నీ నిజాలు. ఇక్కడితో ఆగితే ఆయన మా ఆయనే కాదు.

ఎవరైనా జంట ఉంగరం కొనడానికి వస్తే చాలు, గాజు గ్లాసులో నీళ్ళు పోసి రాయి అందులో వేసేవాడు. అసలైన నీటిరాయి నీళ్ళలో కనపడదనేవాడు. కనపడుతుంది, నేను చూశాను. ఓడల మీద తిరిగేవాళ్ళు ఇది దగ్గర పెట్టుకుంటే ఎంత తుఫానొచ్చినా గట్టు చేరతారనేవాడు. చివరికి గొంతు తగ్గించి అసలు ముక్క చెప్పేవాడు. ఇది మొగుడూ పెళ్ళాల రాయి, ఇద్దరిలో ఎవరి మనసు మారినా దీని రంగు మారుతుంది. ఆ మాట అనగానే వచ్చిన పిల్ల ఆ పిల్లాడి వంక చూసేది, ఆ పిల్లాడు ఉంగరం వంక చూసేవాడు, బేరం కుదిరేది. ఇదంతా ఎక్కడ చదివారండీ అని నేనడిగితే, మా నాన్న చెప్పేవాడనేవాడు. వాళ్ళ నాన్నకి ఎవరు చెప్పారో ఆ దేవుడికే తెలియాలి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

నా వేలికి కూడా ఒకటి ఉంది. పెళ్ళికి ఆయన సొంతంగా పొదిగి పెట్టాడు. ఎంత లేత రంగంటే, తెల్ల చీర కడితే రాయి ఉందో లేదో తడిమి చూసుకోవాలి. ఆ మాట ఎన్నిసార్లు దెప్పానో లెక్కలేదు. అందులోనూ చెల్లెలికి చేసిన ఉంగరం చూశాక నా నోరు అస్సలు ఆగలేదు.

ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. నా కన్నా చిన్నది, నా ఆడబిడ్డ. ఊరి చివర మొక్కల నర్సరీలో పని చేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో, చేతులు మట్టిలో. ఆమె పెళ్ళాడింది సరుకుల ఓడలో ఇంజను మెకానిక్‌ని. నాకు అన్నయ్య వరస, మంచి మనిషని అందరం అనుకున్నాం. ఓడ మనిషికీ కొత్త జంటకీ ఒకే రాయి కలిసొచ్చిందని మా ఆయన పొంగిపోయాడు. రాళ్ళ వ్యాపారి ఒకడు తెచ్చిన ముక్కల్లోంచి ఒకటి ఏరుకొచ్చాడు. ఆరు పలకలుగా, పెన్సిల్ ముక్కలా ఉంది. ఆ నీలం నేను జన్మలో చూడలేదు. సిరా సీసాలో ముంచి తీసినట్టుంది.

దాన్ని మా పక్క సందులో సాన పట్టే తాత దగ్గరికి తీసుకెళ్ళాం. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి మొహం చిట్లించాడు. మామూలు నీటిరాయికి పక్క నుంచి చూస్తే రంగు బాగుంటుందనీ, దీనికి చివర నుంచి చూస్తేనే నీలం కనిపిస్తోందనీ, తిరగేసి పుట్టినట్టుందనీ అన్నాడు. కొన్నాళ్ళు కిటికీలో ఎండకి పెట్టి చూశాక సాన పడదామన్నాడు. పెళ్ళి దగ్గర పడింది. మా ఆయన నవ్వేసి, "నాకు తెలుసులే తాతా, నువ్వు కానీ" అన్నాడు. తాత ఇంకేమీ అనకుండా సాన పట్టాడు. మిగిలిన పెచ్చును మా ఆయన అపురూపంగా కాగితంలో చుట్టి, బల్ల సొరుగులో రేకు డబ్బాలో దాచుకున్నాడు.

పెళ్ళి రోజున ఉంగరం తొడిగించి, బావమరిది హోదాలో కొత్త పెళ్ళికొడుకు భుజం మీద చెయ్యేసి, అందరి ముందూ తన పాట పాడాడు. "బావా, జాగ్రత్త. నువ్వు ఏ సముద్రంలో ఉన్నా నీ సంగతి ఈ రాయి మా చెల్లికి చెప్పేస్తుంది." అందరూ నవ్వారు. పెళ్ళికొడుకు కూడా నవ్వాడు. నేను మాత్రం ఆ నీలం చూస్తూ, నా వేలి మీది నీళ్ళచుక్కను చీర కొంగు కింద దాచుకున్నాను.

కొంతకాలం ఓడాయన సెలవు పెట్టి ఇంటిపట్టునే ఉన్నాడు. తర్వాత ఓడ ఎక్కాడు. వచ్చాడు, వెళ్ళాడు. అన్నాళ్ళూ ఆడబిడ్డ ఆ ఉంగరాన్ని పెట్టెలో భద్రంగా దాచింది, మట్టి పనిలో పాడవుతుందని. చివరిసారి ఆయన ఓడ ఎక్కాక ఇల్లు మరీ బోసిగా ఉందని, తోడుగా ఉంటుందని, తీసి వేలికి పెట్టుకుంది, పనిలోనూ తియ్యలేదు.

ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చింది. నేను మా ఆయనకు టీ ఇస్తున్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు. ఉంగరం తీసి పళ్ళెంలో పెట్టింది.

ఆ సిరా రంగు లేదు. రాయి పాత సీసా పెంకులా వెలవెలబోయి, కొంచెం పసుపు జీర తేలి ఉంది. చచ్చిన చేప కన్ను చూసినట్టు చూశాను. మా ఆయన మొహం చూస్తే కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

ఎవరో రాయి మార్చేశారనుకున్నాడట ఆయన. భూతద్దం కంటికి పెట్టుకుని ఉంగరాన్ని కిటికీ వైపు తిప్పాడు. పళ్ళు ఆయన వంచినవే, ఎక్కడా లేపిన గుర్తు లేదు. రాయి అంచు దగ్గర వెంట్రుకంత సన్నటి గీత ఒకటి ఉండేది, అదీ అక్కడే ఉంది. అదే రాయి. భూతద్దం దించి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"రంగు మారితే మనసు మారినట్టేనని నువ్వే అన్నావుగా అన్నయ్యా," అంది ఆడబిడ్డ. "ఇప్పుడు చెప్పు."

ఒక్క మాట చాలు. అవన్నీ నా కోతలే పిచ్చిదానా, రాయికి మనసేమిటి అంటే చాలు. నేను ఆయన మోచెయ్యి పొడిచాను. ప్రపంచంలో ప్రతిదానికీ జవాబున్న మనిషి, ఇక్కడ వదిలి వెళ్ళు చూస్తాను అని గొణిగాడు. ఆమె కాసేపు అన్నయ్య మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఆమెకి కావలసింది దొరికిపోయింది కాబోలు. సరే అని వెళ్ళిపోయింది. ఆయన టీ చల్లారిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. దాని కాపురం మీద నిప్పులు పోసి నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు కూర్చున్నారేమండీ అని దులిపేశాను. ఆయన జవాబు విని నాకు మతి పోయింది. "ఒకవేళ నిజమేనేమోనే," అన్నాడు. తన కోతని తనే నమ్మేశాడు. ఇన్నేళ్ళుగా ఎంతమందికి చెప్పాడో, ఒక్కరి రాయీ రంగు మారలేదు కాబట్టి అబద్ధమో నిజమో తేల్చుకోవాల్సిన అవసరం పడలేదు. ఇప్పుడు మొదటిసారి రాయి రంగు మారింది, అదీ సొంత చెల్లెలిది. మనిషి అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టాడు.

మర్నాడు నేనే చెయ్యి పట్టుకుని తాత దగ్గరికి లాక్కెళ్ళాను. తాత ఉంగరం చూసి ఒక్కటే అడిగాడు, కిటికీలో పెట్టి చూశావా అని. మా ఆయన తల దించుకున్నాడు. మామూలు నీటిరాయి నీలం దానిలో కలిసిన ఇనుము వల్ల వచ్చేదట, ఎండకి జంకదట. అరుదుగా కొన్ని ముక్కలకు మాత్రం ఏవో కిరణాలు సోకి సిరా నీలం వస్తుందట. ఆ రంగు చీకట్లో ఎన్నాళ్ళైనా ఉంటుంది, వెలుతురు తగిలితే మెల్లగా జారిపోతుంది, తనంతట తిరిగి రాదు. తన గురువు చెప్పగా విన్నాడట గానీ తాత కూడా కళ్ళారా చూడలేదు. అందుకే ఆ రోజు గట్టిగా పట్టుబట్టలేదన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది సొరుగులో పెచ్చు. రేకు డబ్బా తెరిచి చూస్తే, అది ఇంకా పెళ్ళినాటి నీలంతోనే నిగనిగలాడుతోంది. మా ఆయన దాన్ని రెండు ముక్కలు చేశాడు. ఒకటి మళ్ళీ డబ్బాలో పెట్టాడు. రెండోది సాసర్‌లో వేసి కిటికీలో ఎండకి పెట్టాడు. ఇక రోజూ దాని చుట్టూ తిరగడమే పని. మొదట్లో ఏ తేడా లేదు. ఆయనకి నిద్ర లేదు. నేనూ వంటింట్లోంచి వచ్చి వచ్చి తొంగి చూసేదాన్ని, ఆ ముక్క వెలిసిపోవాలని మొక్కుకుంటూ. నీలం పోవాలని కోరుకున్న ఆడది నేనొక్కదాన్నేనేమో. కొన్నాళ్ళకి అంచులు పలచబడ్డాయి. ఆ తర్వాత ఒక ఉదయం డబ్బాలో ముక్క తీసి దాని పక్కన పెడితే, ఒక తల్లి పిల్లలని ఎవరూ అనరు. ఒకటి సిరా, ఒకటి సీసా పెంకు.

ఆయన స్టూలు మీద కూలబడి పిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. తప్పు ఎండది, బావది కాదు. చెల్లి కాపురం నిలబడింది. రెండు ముక్కలనూ వేర్వేరు కాగితాల్లో చుట్టుకుని, ఆ నిమిషమే దుకాణం మూసి బయల్దేరాం. బస్సులో దారి పొడుగునా ఏం చెప్పాలో నాతో అప్పజెప్పించుకున్నాడు. మొదట క్షమాపణ, తర్వాత తాత మాట, చివర రెండు ముక్కలు. ఇకమీద ఆ కోతలు కోయనని ఒట్టు కూడా పెట్టాడు.

ఆడబిడ్డ ఇంటి వెనక వరండాలో కుండీల్లో మట్టి నింపుతోంది. మమ్మల్ని చూసి చేతులు దులుపుకుంది. ఆయన కూర్చోకుండానే మొదలుపెట్టాడు. బస్సులో నేర్చుకున్న వరస ఎగిరిపోయింది, ముక్కలే ముందు బయటికొచ్చాయి. తిరగేసిన కుండీ మీద పక్కపక్కన పెట్టి, చీకటి, ఎండ, ఇనుము, కిరణాలు, అన్నీ కలగాపులగం చేసి చెప్పాడు. చివరికి ఆమె రెండు చేతులూ పట్టుకుని, "బావ మీద అనుమానం పెట్టుకోకమ్మా. రాయికేమీ తెలియదు. అంతా నా నోటి దూల" అన్నాడు.

ఆమె అంతా విన్నది. తర్వాత ముక్కలు రెండూ చేతిలోకి తీసుకుని చూసింది.

"ఆ రోజు ఉంగరం నీకిచ్చి ఇంటికొచ్చి ఆయనకి ఫోన్ చేశాను అన్నయ్యా," అంది. "నేనేమీ అడగలేదు. రాయి రంగు పోయింది అన్నాను, అంతే. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత, 'మీ అన్నయ్య ముందే చెప్పాడుగా' అన్నాడు."

వరండా స్తంభం పట్టుకున్నాను.

ఓడ మరమ్మతులకు ఆగే రేవు ఒకటి ఉందట. అక్కడ గదులు అద్దెకిచ్చే ఒకావిడ. ఆవిడతో సంబంధం పెళ్ళికి ముందు నుంచీ ఉన్నదే. పెళ్ళితో ఆగిపోతుందనుకున్నాడట, ఆగలేదు. ఇల్లు కూడా పెట్టాడు. ఇవన్నీ ఆమె అడగలేదు. రాయి చెప్పేసింది కదా, ఇంకా దాచి లాభమేమిటని ఆయనే వరసగా చెప్పుకొచ్చాడట. ఏడ్చాడట కూడా. ఆడబిడ్డ ఇదంతా చెబుతూ మధ్యలో ఒక మొక్క ఆకు మీది మట్టి తుడిచింది. నాకు ఆ ప్రశాంతత చూస్తే మరీ భయమేసింది.

మా ఆయన కుండీ పక్కన నేల మీద చతికిలబడిపోయాడు. నేనంతకు ముందు పెళ్ళిళ్ళలో, చావుల్లో, అన్నిచోట్లా ఆయన్ని చూశాను. ఆ రోజు చూసినంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు. నిజం తీసుకొచ్చానని పరుగెత్తుకొచ్చిన మనిషి. ఆ నిజం రాయి వరకే నిజం. నాకైతే ఆ క్షణంలో రాయి మీద కోపం వచ్చింది, ఓడాయన మీద వచ్చింది, తర్వాత మా ఆయన మీద వస్తుందనుకున్నాను గానీ రాలేదు. జాలేసింది.

"అయితే ఎండన్నమాట," అంది ఆడబిడ్డ. నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. "నువ్వు మంచి రాయి పొదిగి ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. లేచేటప్పుడు ఆమె ఉంగరం ఉందా అని అడిగింది. మా ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. వెలిసిన రాయినే వేలికి తొడుక్కుంది. ముక్కలు రెండూ తిరిగి ఆయన చేతిలో పెట్టి ఒక మాట తీసుకుంది.

"ఆయనకి మాత్రం ఈ సంగతి చెప్పకు అన్నయ్యా. ఎండకి పోయిందని తెలిస్తే ఒప్పుకున్నందుకు ఏడుస్తాడు. చేసినందుకు ఏడవాలి."

మా ఆయన మాటిచ్చాడు. నేను లోలోపల నవ్వుకున్నాను, అంత బాధలోనూ. ఈ మనిషి కడుపులో మాట దాగడమా. నోట్లో నువ్వుగింజ నానదు.

ఆ తర్వాత దుకాణంలో నీళ్ళ గ్లాసు మాయమైంది. దాని స్థానంలో కిటికీ పొడుగునా సాసర్లు వెలిశాయి. ఏ నీలి రాయి వచ్చినా కొన్నాళ్ళు ఎండలో కూర్చోవాల్సిందే. తొందరపడేవాళ్ళు వేరే దుకాణానికి పోయారు, పోనిచ్చాడు. జంటలు వచ్చి, ఈ రాయి గురించి ఏదో అంటారు కదా అని అడిగితే, ఎండకి పెట్టి చూశాను, రంగు పోదు అని మాత్రం చెప్పి లక్క కర్ర అందుకునేవాడు.

ఓడ గట్టుకొచ్చింది. ఒక రోజు పొద్దున్నే ఓడాయన సంచీ భుజాన వేసుకుని మా దుకాణం ముందు నిలబడ్డాడు. మనిషి నలిగిపోయి ఉన్నాడు. రండి అన్నయ్యగారూ అనడానికి నాకు నోరు రాలేదు. లోపలికొచ్చి, కిటికీలో సాసర్లు చూసి అడుగు వెనక్కి వేశాడు, అవి కూడా ఏదైనా చెబుతాయేమోనని భయపడ్డట్టు. జేబులోంచి ఉంగరం తీసి బల్ల మీద పెట్టాడు. నిన్న ఇంటికి వెళ్తే ఆడబిడ్డ లోపలికి రానివ్వలేదట. గుమ్మంలోనే వేలి నుంచి తీసి చేతిలో పెట్టి తలుపు వేసుకుందట.

"దీనికి మళ్ళీ రంగు వస్తుందా బావా?" అని అడిగాడు.

మా ఆయన ఉంగరం తీసుకున్నాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. ఆయన మోకాలికి ఆనుకుని ఉన్న సొరుగులో, రేకు డబ్బాలో, ఆ రాయి ముక్క ఇంకా నీలంగానే ఉంది. అది తీసి చూపిస్తే చాలు, తప్పు ఎండదని తెలిసిపోతుంది. ఆయన పెదవులు కదిలాయి. ఇక అయిపోయింది, చెప్పేస్తాడు అనుకున్నాను.

"నాకు తెలియదు," అన్నాడు.

ఉంగరాన్ని మెల్లగా ఓడాయన వైపు జరిపి, ఆపిన పని అందుకున్నాడు. ఓడాయన ఇంకాసేపు నిలబడి, ఉంగరం జేబులో వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. జీవితమంతా తెలియని ప్రతిదానికీ తెలుసని చెప్పిన మనిషి, బాగా తెలిసిన ఆ ఒక్కదానికి మాత్రం తెలియదన్నాడు.